చెప్పినాలే

"పెరట్లో నీళ్ళు పెట్టినా. పోసుకొని, కట్టిన గుడ్డలు ఆడనే జాడించేసి, అప్పుడు లోపలికి రా," అంది ప్రేమమ్మ, గడపకు అడ్డంగా కూర్చొని చింతపండులో గింజలు తీస్తూ. కోడలి ముఖం వైపు చూడనైనా లేదు.

కృపమణి చెప్పులు విడిచి ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి నడిచింది. పొద్దున నాలుగింటికి లేచి, కుళాయి నుంచి నీళ్ళు మోసి, సంగటి కెలికి, మొగుడి చొక్కా ఇస్త్రీ చేసి మరీ డ్యూటీకి పోయిన మనిషి. ఆమె మోసిన నీళ్ళు ముందు వాకిట్లోంచే లోపలికి వచ్చాయి. ఆమె చేసిన సంగటి నడింట్లో కూర్చొని తిన్నారు. ఆమె మాత్రం సందులోంచి రావాలి. ఈ చట్టం ఇంట్లో అమలులోకి వచ్చి నలభై దినాలయింది. ఆమె సీరియస్ వార్డు వదిలి కాన్పుల వార్డుకు మారిన నాటి నుంచి అన్నమాట.

అంతకు ముందు తొమ్మిదేళ్ళు సీరియస్ వార్డులోనే పని చేసింది. కలరా వచ్చినవాళ్ళు, పాము కరిచినవాళ్ళు, కక్షల్లో కత్తిపోట్లు తిని పేగులు తుండుగుడ్డలో పట్టుకొని వచ్చినవాళ్ళు, కిటికీలకు నల్లగుడ్డ కట్టిన చీకటి గదిలో ధనుర్వాతంతో బిగుసుకుపోయినవాళ్ళు. పోయినవాళ్ళ దవడకు గుడ్డ కట్టి, కాలి బొటనవేళ్ళు కలిపి ముడివేసి, ఆ చేతులతోనే ఇంటికి వచ్చి వంట చేసేది. మొగుడూ అత్తా లొట్టలు వేసుకుంటూ తినేవాళ్ళు. ఒక్కనాడైనా పెరట్లో నీళ్ళు పెట్టినవాళ్ళు లేరు. ఈ ఇంటికి చావు అంటుకోలేదు, పుట్టుక అంటుకుంది. పైగా వీళ్ళు క్రైస్తవులు. మనుషుల మధ్య అంటూ సొంటూ లేదని పాస్టరు ప్రసంగం చేస్తుంటే ముందు వరసలో కూర్చొని తలలూపే కుటుంబం ఇది. తల ఊపడానికి ఖర్చేముంది?

కారణం దేవుడిది కాదు, గాబ్రియేలుది. కర్నూలు కొత్త రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు మిషన్ బడిలో పంతులుగా ఉన్న అతనికి, గుడారాల్లో పెట్టిన ఆఫీసుల్లో గుమాస్తా పని దొరికింది. గుడారమే అయినా గవర్నమెంటు గుడారం. గాలి వీస్తే కాగితాలు ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టుకొనే ఉద్యోగం, కానీ అతని నడకే మారిపోయింది. వచ్చే నెల సంఘ పెద్దల ఎన్నిక. అందులో నిలబడుతున్నాడు. తన తల్లి బద్వేలు పక్క పల్లెలో మంత్రసాని అనీ, పెద్దరెడ్ల ఇండ్లకు వెనక వాకిట్లోంచి పోయి పురుడు పోసి వెనక వాకిట్లోంచే బయటికి వచ్చేదనీ సంఘంలో ఇద్దరు ముసలివాళ్ళకు తెలుసు. మిగిలినవాళ్ళకు తెలియకూడదని అతని తపన.

"సీరియస్ వార్డు నర్సంటే ఒక మర్యాద ఉన్నింది," అన్నాడు ఆమె మారిన రోజు రాత్రి అన్నం ముందు కూర్చొని. "ఆఫీసర్లు కూడా నమస్కారం పెడతాండిరి. ఇప్పుడేమంటారు? గాబ్రియేలు పెండ్లాం మంత్రసాని అంటారు. మా అమ్మ చేత మాన్పించడానికి నాకు తల ప్రాణం ఎట్లా తోకకొచ్చిందో నీకేం తెలుసు? మళ్ళా ఆ రక్తంలోనే చేతులు పెడతానంటావు."

అదేదో తాను ఎప్పుడూ ఆ రక్తంలోంచి రానట్టు! ఏ ఆడది చెయ్యి పెట్టి లాగకుండానే గవర్నమెంటు గుడారంలో చొక్కా బొత్తాలతో సహా ఊడిపడినట్టు! కృపమణి ఆ మాట అనలేదు. అతని కంచంలో ఇంకో ముద్ద పెట్టింది. పన్నెండేళ్ళ కాపురంలో ఆమెకు బాగా వచ్చిన విద్య అది. మొగుడిని లోపల నిలువునా కడిగేస్తూ బయట చారు పొయ్యగలదు.

ఎందుకు మారినావని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఎందుకు మారకూడదో మాత్రం అందరూ చెప్పారు. ఆస్పత్రిలో పెద్ద డాక్టరయితే దరఖాస్తు చూసి నవ్వాడు. "తెలివిగలదానివి. ఇక్కడ ప్రాణాలు నిలబెట్టే పని చేస్తున్నావు. కాన్పుల్లో ఏముందమ్మా, ఆవులు కూడా ఈనుతాయి," అన్నాడు. ఆయన్నీ ఒకామె కన్నదే కదా, ఆమెను ఆవు అనడం ఆయనకు ఇష్టమైతే మనకేం అభ్యంతరం? కృపమణి తల వంచుకొని సంతకం పెట్టించుకొంది.

ఎందుకంటే, ఆ ఎండాకాలం ఒకే నెలలో ముగ్గురు బాలింతలు జ్వరంతో కాలిపోతూ సీరియస్ వార్డుకు వచ్చారు. ముగ్గురూ పోయారు. మూడో ఆమె పక్కన తుండుగుడ్డలో చుట్టిన బిడ్డ ఉంది. పుట్టి ఏడు దినాలు. దవడ బిగిసిపోయి పాలు పట్టడం లేదు. బొడ్డు మీద బూడిద. ఆ బిడ్డ కూడా పోయాక కృపమణి చేతులు కడుక్కొని, తడి చేతులతోనే ఆఫీసు గదికి నడిచింది. ఆరు నెలల కాన్పుల శిక్షణకు పేరు రాయమంది. అందరూ చావు కొనకు వచ్చాక అందుకోవడానికి తొమ్మిదేళ్ళు నిలబడింది. ఇంక మొదట్లో నిలబడాలనుకుంది.

కొత్త వార్డులో మొదటి వారం ఆమె చేసింది చూసి ఆయాలు పడీపడీ నవ్వారు. సీరియస్ వార్డు అలవాటు కదా, మునివేళ్ళ మీద నడిచేది. నొప్పులు పడే ఆడవాళ్ళను వెల్లకిలా పడుకోబెట్టి, దుప్పటి సరిచేసి, "కదలొద్దు, అరవొద్దు, ఓపిక తగ్గిపోతుంది" అనేది. వార్డు పెద్ద నర్సు వెంకటలక్ష్మమ్మ నడుం మీద చేతులు పెట్టుకొని చూసింది. "ఏమ్మా, దీన్ని కూడా సాగనంపుదామనుకుంటాండావా? లేపి నడిపించు. అరవనీ. నీ పాత వార్డులో అరుపు వినపడితే భయం. ఈడ వినపడకపోతే భయం," అంది. కృపమణికి సిగ్గేసింది. తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ ఏమీ రానిదాన్నయ్యానని కొంచెం సంతోషం కూడా వేసింది.

ఒకటి మాత్రం ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. బొడ్డు కోసే కత్తెర. అది మరిగే నీళ్ళల్లో ఎంతసేపు ఉందో తానే గడియారం ముందు నిలబడి చూసుకొనేది. ఆయా కాచినానని చెప్పినా మళ్ళీ కాచేది. ఎందుకో అక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఆరేళ్ళ కిందట ఆమె మొదటి కాన్పు. మిషన్ బోర్డింగులో పెరిగిన అనాథకు పుట్టిల్లు ఎక్కడిది, ఆస్పత్రిలోనే కంటానంది. గాబ్రియేలు ఒప్పుకోలేదు. "మూడు పల్లెలకు పురుడు పోసిన మనిషి మా అమ్మ. ఆమె ఉండగా నా పెండ్లాం ఆస్పత్రికి పోతే మా ఊర్లో నా మొగాన ఉమ్మేస్తారు," అన్నాడు. అప్పటికింకా తల్లి పని అతనికి గొప్పే. పల్లెకు తీసుకుపోయాడు. నొప్పులు మొదలైనప్పుడు కృపమణి అతన్ని పిలిచి చెప్పింది. "బొడ్డు కోసే కొడవలిని మసిలే నీళ్ళల్లో వేసి కాచమని అత్తతో చెప్పండి. బొడ్డు మీద బూడిద పెట్టొద్దని చెప్పండి." తానే చెప్పొచ్చు కదా అంటే, ఆ ఇంట్లో కోడలు అత్తకు పని నేర్పకూడదు. కోడలి మాట ఏదైనా మొగుడి నోటి మీదుగానే అత్తకు చేరాలి. పెండ్లయిన రోజు నుంచి ఉప్పు చాలలేదన్న మాట కూడా అట్లాగే పోయేది. గాబ్రియేలు బయటికి పోయి కాసేపటికి వచ్చి, "చెప్పినాలే," అన్నాడు. ఇంకోసారి అడిగితే, "చెప్పినాలే అంటాంటే! లోకంలో నీకొక్కదానికే తెలుసా?" అని కసిరాడు.

రెండు పగళ్ళు, రెండు రాత్రుళ్ళు నొప్పులు. చివర్లో స్పృహ పోయింది. కళ్ళు తెరిచేసరికి ఆడబిడ్డ పక్కలో ఉంది. గోడవార కొడవలి పడి ఉంది. దానికి జొన్నచొప్ప పోచ అంటుకొని ఉంది. బిడ్డ బొడ్డు మీద పొయ్యిలో బూడిద మెత్తి ఉంది. ఏడో దినం బిడ్డ దవడ బిగిసింది. ఏడోదినం గండం అన్నారు ఊర్లో. దేవుడిచ్చాడు, దేవుడు తీసుకున్నాడన్నాడు పాస్టరు. దేవుడి మీదికి నెట్టేస్తే ఎంత సుఖమో! ధనుర్వాతం గదిలో కాపలా కాసిన నర్సు తన బిడ్డకు ఏమవుతోందో గడియ గడియకూ తెలిసి చూసింది. ఆ తర్వాత ఆమెకు కడుపు పండలేదు.

చెప్పి పంపినా లెక్కచెయ్యలేదు ఈ ముసిల్ది అనుకుంది. కోడలు నాకు చెప్పేదేందని పంతానికి పోయి చంపేసింది అనుకుంది. ఆరేళ్ళ నుంచి ప్రేమమ్మతో అవసరమైన మాటే మాట్లాడుతుంది. అన్నం పెడుతుంది, కాళ్ళు నొప్పులంటే నూనె రుద్దుతుంది, గుడ్డలు ఉతుకుతుంది. కానీ చూడదు. ఎదురుగా ఉన్న మనిషిని చూడకుండా సేవ చేయడంలో ఎంత అసహ్యం ఇమడ్చొచ్చో కృపమణికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ప్రేమమ్మ ఆ కాన్పు తర్వాత మళ్ళీ కొడవలి పట్టలేదు. పల్లె వదిలి కొడుకు దగ్గరికి వచ్చేసింది. కొడుకు పరువు కోసం మానేసిందనుకున్నారు అందరూ. గాబ్రియేలు అయితే ఆ ఘనత తనదేనని చెప్పుకొనేవాడు.

శిక్షణ వద్దనుకునేవాళ్ళు శనివారం లోపల రాసిస్తే పాత వార్డుకు పంపుతామని ఆస్పత్రిలో చెప్పారు. ఆ మాట కృపమణే ఇంట్లో నోరుజారి చెప్పింది. గాబ్రియేలు ఆ రాత్రే కూర్చొని ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఇంటి పరిస్థితుల వల్ల తాను తిరిగి సీరియస్ వార్డుకు పోవాలనుకుంటున్నట్టు కృపమణి సవినయంగా మనవి చేసుకుంటోంది అందులో. రెండుసార్లు ముందు పెట్టాడు. రెండుసార్లూ ఆమె పని ఉందని లేచిపోయింది. మూడోసారి అతను గొంతు పెంచాడు. "సంతకం పెట్టకపోతే ఈ ఇంట్లో నీకు చోటు లేదు. ఆ వార్డులోనే ఉండు, ఆడనే పడుకో."

శనివారం మధ్యాహ్నం ఆ ఉత్తరం చేతికిచ్చి తల్లిని ఆస్పత్రికి పంపాడు. పదిమందిలో పెద్దామె అడిగితే కాదనలేదని లెక్క. తన పనికి ఆడవాళ్ళను పంపడం అతనికి కొత్త కాదు. నాలుగింటికి తానే వచ్చి ఉత్తరం తీసుకుంటానన్నాడు.

ప్రేమమ్మ వచ్చేసరికి లోపల సుంకులమ్మ అనే ఆమె నొప్పులు పడుతోంది. కోసిగి పక్క నుంచి మొగుడితో కాలవ పనికి వచ్చింది. తోడుగా ఇంటి ఆడవాళ్ళు ఎవరూ లేరు. గోడ పట్టుకొని నడుస్తూ బయట కూర్చున్న మొగుణ్ణి వార్డంతా వినేట్టు తిడుతోంది.

"ఓరి చిన్న ఈరన్నా, నీ నోట్లో మన్నుపడ! రారా లోపలికి, నీ కడుపులో పెడతా దీన్ని!"

వాకిట్లో నిలబడిన ముసలామెను చూసి, పోయి చెయ్యి పట్టుకొంది. "అవ్వా, యాడికీ పోవద్దు. నువ్వు ఉండు. మాయమ్మ లాగుండావు."

"నేను ఉత్తరం ఇచ్చేదానికి వచ్చినాను తల్లీ, నన్ను విడువు," అంది ప్రేమమ్మ. సుంకులమ్మ విడవలేదు. బయటివాళ్ళు లోపల ఉండకూడదు. అయినా వెంకటలక్ష్మమ్మ ఆ పట్టు చూసి, "చేతులు కడుక్కొని తల దగ్గర నిలబడవ్వా. దేన్నీ ముట్టుకోవద్దు," అంది.

కృపమణికి ఒళ్ళు మండింది. నా పురుడు చాలలేదా, ఈ పురుటికి కూడా వచ్చిందా అనుకొంది. కానీ కాన్పు దగ్గరపడింది, కోపానికి తీరిక లేదు. వెంకటలక్ష్మమ్మ చూస్తుండగా ఆమె చేతుల్లోకి బిడ్డ జారింది. ఆడబిడ్డ. ఏడ్చింది. ప్రేమమ్మ చెయ్యి దానంతట అదే ముందుకు వచ్చి, మళ్ళీ వెనక్కి పోయింది. కృపమణి మరిగే నీళ్ళల్లోంచి పటకారుతో కత్తెర తీసి, అందులోనే కాగిన దారంతో రెండుచోట్ల ముడివేసి, బొడ్డు కోసింది. కాచి ఆరబెట్టిన గుడ్డ చుట్టింది.

"బూడిదో?" అంది ప్రేమమ్మ మెల్లగా.

"బూడిద లేదు."

"అది లేకుంటే ఎట్లా ఆరుతాది?"

"అదే ఆరుతాది అత్తా."

"ఏడోదినం వస్తే?"

"రాదు. పురుగు ఇనుముకు ఉంటాది, బూడిదలో ఉంటాది, కంటికి కనపడదు. మసిలే నీళ్ళల్లో వేస్తే చచ్చిపోతాది. ఇది అర్ధగంట కాగింది."

ప్రేమమ్మ పొయ్యి మీది గిన్నె వైపు చూసింది. నీళ్ళు ఇంకా కుతకుతలాడుతున్నాయి. "నీళ్ళల్లో కాచేదా?" అంది. "అంతేనా?"

"అంతే."

"అంతేనా?" అంది మళ్ళీ.

బిడ్డను తల్లి పక్కన పెట్టి కృపమణి చేతులు కడుక్కోవడానికి వెనక వరండాలోకి వచ్చింది. ప్రేమమ్మ ఆమె వెనకనే వచ్చి గోడకు ఆనుకొని కూర్చుంది.

"అంతేనని నీకు ముందే తెలుసా కృపా? నీ కాన్పు నాటికే తెలుసా?"

"తెలిసే కదా కొడవలి కాచమని చెప్పి పంపినా!" ఆరేళ్ళు పళ్ళ బిగువున దాచింది ఒక్కసారి బయటికి వచ్చింది. "కొడవలి కాచమన్నా, బూడిద వద్దన్నా. నీకు కోడలి మాటంటే అంత అలుసైపోయింది. ఏం చేసినావు? చొప్ప కోసిన కొడవలితోనే కోసినావు."

"ఎవురితో చెప్పి పంపినావు?"

"ఎవరితో ఏంది? నీ కొడుకుతో. రెండుసార్లు."

ప్రేమమ్మ నోరు తెరిచి కోడలిని చూసింది. ఆరేళ్ళలో మొదటిసారి కృపమణి కూడా ఆ ముఖాన్ని చూసింది. అబద్ధం చెప్పేవాళ్ళ ముఖం ఎట్లా ఉంటుందో ఇంట్లో రోజూ చూస్తుంది కాబట్టి, అది అబద్ధం చెప్పే ముఖం కాదని తెలిసిపోయింది.

"వాడు నాకేం చెప్పలేదమ్మా," అంది ముసలామె. "వాకిట్లో పాస్టరుతో మాట్లాడతా కూర్చున్న్యాడు. ఒగసారి లోపలికి వచ్చినాడు, కాఫీ అడిగినాడు, పోయినాడు. అండా నిండా నీళ్ళు మసలతాండాయి కృపా. నీకు పోసేదానికి కాచిన నీళ్ళు, నా పక్కనే ఉండె. కొడవలిని ఒగ మునక ముంచింటే..." చేతులు ఒళ్ళో పెట్టుకొని వాటినే చూసుకుంది. "నా చేతిలోనే ఏదో పాపం ఉండాదనుకొని మానేసినా తల్లీ. నా చెయ్యి తగిలితే బిడ్డ దక్కదనుకుంటి. పురుటి బట్టలు చూస్తే భయం. నిన్ను పెరట్లోకి పొమ్మనేది కూడా అందుకే."

కృపమణి నీళ్ళ కుళాయి కట్టడం మరిచిపోయి నిలబడింది. గాబ్రియేలు మరిచిపోయాడో, తల్లికి చెప్పడం నామోషీ అనుకున్నాడో. రెండింట్లో ఏదయినా ఒకటే. చెప్పకపోవడం కాదు, చెప్పినానని చెప్పాడే, దానికి ఆమెకు పేరు దొరకలేదు. ఆ ఒక్క ముక్కతో ఇద్దరు ఆడవాళ్ళను ఆరేళ్ళు ఒకే పొయ్యి ముందు శత్రువులుగా కూర్చోబెట్టి, మధ్యలో తాను వేడివేడిగా తిన్నాడు. ఇంత చిన్న మనిషికా తాను ఇన్నేళ్ళు భయపడింది! కోపం కూడా రాలేదు. పాత్రకు అడుగంటిన మాడును చూసినట్టుంది. ఆమె ఏడవలేదు. ముసలామె పక్కన కింద కూర్చొని, ఆ చేతులు తన తడి చేతుల్లోకి తీసుకొంది.

నాలుగింటికి గాబ్రియేలు ఇస్త్రీ చొక్కాతో వరండాలోకి వచ్చాడు. "సంతకం పెట్టిందా మా?" అని అడిగాడు తల్లిని, పెళ్ళాం అక్కడ లేనట్టే. ప్రేమమ్మ కొంగున ముడివేసుకొచ్చిన ఉత్తరాన్ని కృపమణి విప్పి తీసి, సంతకం లేకుండానే అతనికి ఇచ్చింది.

"నేను ఈ వార్డులోనే ఉంటా. ఆరు నెలలూ నేర్చుకుంటా, ఆ తర్వాత కూడా ఈడనే పని చేస్తా. ఇంటికి ముందు వాకిట్లోనుంచే వస్తా. వద్దంటే ఈడనే గది అడుగుతా," అంది.

గాబ్రియేలు ఆయాల వైపు చూసి గొంతు తగ్గించాడు. మొగుడిగా తనకు చాతకానప్పుడు ఎప్పుడూ చేసే పనే చేశాడు. తల్లి వైపు తిరిగాడు.

"సూడుమా ఎట్లా మాట్లాడతాందో. నువ్వన్నా చెప్పు దానికి."

"ఆమె నాకు చెప్పేది తర్వాత," అంది కృపమణి. లోపల ఇంకెవరికో నొప్పులు మొదలై అరుపు వినిపించింది. ఆమె లేచి, చీర కుచ్చెళ్ళు సర్దుకొంది. "ఆరేండ్ల కిందట మీ అమ్మకు చెప్పమని మీతో ఒక మాట పంపినా. ఇంకా చేరలేదంట. మీ అమ్మ ఈడనే ఉండాది. ఇప్పుడు చెప్పండి."